చునీ గోస్వామి వర్సెస్ తులసీదాస్ బలరాం: కోల్‌కతా డెర్బీలో ఎవరు గొప్ప? ఈస్ట్ బెంగాల్ జెర్సీలో మన సికింద్రాబాద్ కుర్రాడు

కోల్‌కతాలో ఫుట్‌బాల్ టాపిక్ వస్తే ముందుగా అడిగే ప్రశ్న ఒకటే.. నువ్వు మోహన్ బగానా? ఈస్ట్ బెంగాలా? సమాధానం బట్టి పక్కవాడు నవ్వుతాడు, లేదంటే మొహం తిప్పుకుంటాడు. 1950ల చివర్లో, 60ల మొదట్లో ఇదే ప్రశ్నకు ఇంకో రూపం ఉండేది.. చునీయా? బలరామా?

మోహన్ బగాన్‌కు చునీ గోస్వామి. ఈస్ట్ బెంగాల్‌కు తులసీదాస్ బలరాం. ఇద్దరూ ఫార్వర్డ్‌లే, దాదాపు ఒకే వయసువాళ్లే. క్లబ్ మ్యాచుల్లో ఎదురెదురు, ఇండియా జెర్సీ వేసుకుంటే పక్కపక్కన. ఈ ఇద్దరిలో ఒకరు సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి పెరిగారన్న విషయం హైదరాబాద్‌లోనే చాలామందికి తెలీదు.

అసలు ఈ గొడవ ఏంటి?

మోహన్ బగాన్ 1889లో పుట్టింది. ఈస్ట్ బెంగాల్ 1920లో మొదలైంది. పశ్చిమ బెంగాల్ పాతకాపులు, అంటే అక్కడివాళ్ల భాషలో 'ఘోటీలు', మోహన్ బగాన్ వైపు. పద్మా నది అవతల నుంచి వచ్చినవాళ్లు, 'బంగాళ్లు', ఈస్ట్ బెంగాల్ వైపు. 1947 విభజన తర్వాత లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలేసి కోల్‌కతాకు వచ్చారు. వాళ్లకు ఆ క్లబ్ పేరులోనే సొంతూరు కనిపించేది. అందుకే ఇక్కడ గెలుపోటములు స్టేడియంలో ఆగవు, వంటింటిదాకా వెళ్తాయి. బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస చేప. (మన పులసనే వాళ్లు ఇలీష్ అంటారు. రేటు విషయంలో మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే గోల!)

ఇప్పుడు అసలు ట్విస్ట్ చూడండి. చునీ పుట్టింది కిశోర్‌గంజ్‌లో. అంటే అచ్చంగా తూర్పు బెంగాల్‌లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో. లెక్క ప్రకారం ఆయన 'బంగాళ్'. కానీ ఎనిమిదేళ్లకే మోహన్ బగాన్ జూనియర్ టీంలో చేరాడు, 1954లో సీనియర్ టీంలోకి వచ్చాడు, 1968 వరకు అక్కడే ఉన్నాడు. ఇంకో క్లబ్ జెర్సీ వేసుకోలేదు. మరి ఆ శరణార్థుల క్లబ్‌కు దేవుడైంది ఎవరు? బెంగాలీయే కాని బలరాం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు స్థిరపడ్డ తమిళ కుటుంబంలో, చాలా పేదరికంలో పుట్టినవాడు.

నిజానికి ఈస్ట్ బెంగాల్‌కు ఇది కొత్తేం కాదు. 1940ల చివర్లో, 50ల మొదట్లో ఆ క్లబ్ ఫార్వర్డ్ లైన్‌ను 'పంచ పాండవులు' అనేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాదివాళ్లే. దక్షిణాది కుర్రాళ్లను తెచ్చి కోల్‌కతాలో స్టార్లను చేయడం ఈస్ట్ బెంగాల్‌కు బాగా అలవాటైన పని.

రహీం సాబ్ స్కూల్

బలరాం ఆట అర్థం కావాలంటే ముందు హైదరాబాద్ గురించి చెప్పుకోవాలి. ఇప్పుడంటే సిటీలో ఎక్కడ చూసినా క్రికెట్టే కానీ, ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కోల్‌కతా తర్వాత హైదరాబాదే. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆ టీం వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. ఇండియా టీం కోచ్ కూడా ఆయనే.

రహీం ట్రైనింగ్ పద్ధతులు ఇప్పటికీ వింతగానే అనిపిస్తాయి. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవారు. బాల్ కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి, అంతే. ఇంకో టోర్నమెంట్‌లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడి కాలివాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమవాటం ఉన్నవాడు కుడితో. ఇలా తయారైన కుర్రాళ్లకు రెండు కాళ్లూ పనిచేసేవి, బాల్ రాకముందే ఎక్కడికి పంపాలో తెలిసేది.

బలరాం ఆ వాతావరణంలో తయారైన ఆటగాడు. రహీం కళ్లలో పడ్డాడు, పోలీస్ టీంలో ఆడాడు, 1956, 1957లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ టీంలో ఉన్నాడు. ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఆ ఒలింపిక్స్‌లో ఇండియా సెమీస్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. మళ్లీ ఆ మెట్టు ఎక్కలేకపోయింది. ఆ టీంలో చునీ లేడు. అంటే ఇండియా జెర్సీతో ఒలింపిక్స్ మెట్టు ముందు ఎక్కింది సికింద్రాబాద్ కుర్రాడే.

1957లో ఈస్ట్ బెంగాల్ పిలిచింది. వెళ్లాడు.

కాళ్లలో మ్యాజిక్ ఒకరిది, బుర్రలో మ్యాప్ ఇంకొకరిది

చునీ ఆట వేరు. బాల్ కాలికి అతుక్కుపోయినట్టే ఉండేది. డిఫెండర్ ఎదురుగా నిలబడితే నడుము ఒకవైపు ఊపి, బాల్ ఇంకోవైపు తోసి, వాడు తేరుకునేలోపు దాటేసేవాడు. వానాకాలంలో సాగే కోల్‌కతా లీగ్‌లో, బురదగా మారిన మైదానంలో కూడా ఈ డ్రిబ్లింగ్ ఆగలేదు. మనిషి కూడా హీరోలా ఉండేవాడు. జనం టికెట్ కొనేది చునీ కోసం. పాస్ ఇవ్వడం తెలీదని కాదు, సరిగ్గా ఆఖరి క్షణంలో ఇచ్చేవాడు. ఇద్దరు డిఫెండర్లను తనమీదకు లాక్కొని ఖాళీలో ఉన్నవాడికి వదిలేవాడు. ఇన్‌సైడ్ లెఫ్ట్ పొజిషన్‌కు ఇంతకన్నా ఏం కావాలి.

బలరాంలోనూ డ్రిబ్లింగ్ ఉంది. కానీ ఆయన గొప్పదనం అది కాదు. లెఫ్ట్ వింగ్‌లో ఆడమంటే ఆడతాడు. ఇన్‌సైడ్ ఆడమన్నా, సెంటర్ ఫార్వర్డ్ ఆడమన్నా సరే. అవసరమైతే వెనక్కి దిగి మిడ్‌ఫీల్డ్‌కు సాయం చేస్తాడు, బాల్ తీసుకొని మళ్లీ ముందుకొస్తాడు. ఇప్పటి ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఇది మామూలు విషయం. 1950ల్లో ఫార్వర్డ్ అంటే ముందే నిలబడి బాల్ కోసం ఎదురుచూసేవాడు. ఆ లెక్కన బలరాం టైంకన్నా ముందున్న ఆటగాడు.

ఒక్క తేడా మాత్రం సూటిగా చెప్పుకోవచ్చు. చునీ చుట్టూ టీం కట్టేవారు. బలరాంను టీంలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేవారు. పేరు మొదటివాడికి ఎక్కువ వస్తుంది. ఏ ఆటలోనైనా అంతే.

నంబర్లు ఏం చెబుతున్నాయి?

మోహన్ బగాన్ తరఫున చునీ పేరు మీద తరచూ వినిపించే లెక్క 200 గోల్స్. ఈస్ట్ బెంగాల్ తరఫున బలరాంకు 104. పైపైన చూస్తే చునీకి డబుల్. కానీ చునీ ఆడింది పద్నాలుగేళ్లకు పైనే. బలరాం ఈస్ట్ బెంగాల్‌లో ఉన్నది ఐదారు సీజన్లు. సీజన్‌కు ఎన్ని అని భాగిస్తే సీన్ రివర్స్ అవుతుంది.

ట్రోఫీల్లో మాత్రం చునీకి పోటీ లేదు. ఆయన ఉన్నప్పుడు మోహన్ బగాన్ లీగ్ టైటిళ్లు వరసపెట్టి గెలిచింది. 1963, 64, 65లో డ్యూరాండ్ కప్ హ్యాట్రిక్ కొట్టింది. 1960 నుంచి 64 వరకు ఐదు సీజన్లు కెప్టెన్ చునీయే.

బలరాం పరిస్థితి వేరు. ఆయన వచ్చేటప్పటికి ఈస్ట్ బెంగాల్ కోల్‌కతా లీగ్ గెలిచి ఐదేళ్లవుతోంది. ఆఖరి టైటిల్ 1952లోది. పంచ పాండవుల రోజులు అయిపోయాయి. ఫ్యాన్స్ ఎదురుచూస్తూనే ఉన్నారు. 1957లో మహమ్మదన్ స్పోర్టింగ్, 1958లో ఈస్టర్న్ రైల్వే, ఆ తర్వాత రెండేళ్లూ మోహన్ బగాన్. ఈస్ట్ బెంగాల్ వీధుల్లో ఆ బాధ ఎలా ఉండి ఉంటుందో ఐపీఎల్‌లో ఏళ్ల తరబడి కప్ కోసం ఎదురుచూసిన టీంల ఫ్యాన్స్‌ను అడిగితే చెబుతారు.

1961లో బలరాం కెప్టెన్ అయ్యాడు. ఆ సీజన్ లీగ్‌లో 23 గోల్స్ కొట్టి టాప్ స్కోరర్‌గా నిలిచాడు. తొమ్మిదేళ్ల తర్వాత టైటిల్ ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. అదే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్‌లో రెండు క్లబ్బులూ తేల్చుకోలేక ట్రోఫీని చెరిసగం పంచుకున్నాయి. ఒకవైపు కెప్టెన్ చునీ, ఇంకోవైపు కెప్టెన్ బలరాం. అంతకుముందు ఏడాది డ్యూరాండ్ కప్‌లోనూ ఇదే సీన్, జాయింట్ విన్నర్స్. 'ఎవరు గొప్ప' అన్న వాదనను మైదానం కూడా రెండుసార్లు డ్రా చేసి పంపింది.

రోమ్‌లో బలరాం, జకార్తాలో ఇద్దరూ

క్లబ్ గొడవలు పక్కన పెట్టి ఇండియా జెర్సీ లెక్క చూద్దాం.

1960 రోమ్ ఒలింపిక్స్. ఇండియా పడ్డ గ్రూప్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. అప్పట్లో హంగరీ అంటే ప్రపంచానికే హడల్. ఇండియా 1-2తో ఓడింది. ఇండియా కొట్టిన ఆ ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, ఆ గోల్ కెప్టెన్ పీకే బెనర్జీది. పెరూ మీద 1-3 ఓటమి, ఇండియా గోల్ మళ్లీ బలరాందే. అంటే ఆ ఒలింపిక్స్‌లో ఇండియా కొట్టిన మూడు గోల్స్‌లో రెండు సికింద్రాబాద్ కుర్రాడివి. ఇండియా ఫుట్‌బాల్ టీం ఒలింపిక్స్ ఆడటం అదే ఆఖరిసారి కాబట్టి, ఒలింపిక్స్‌లో ఇండియా ఆఖరి గోల్ ఇప్పటికీ బలరాం పేరు మీదే ఉంది. ఈ ఒక్క విషయం చాలు, హైదరాబాద్‌లో ఏదో ఒక స్టేడియానికి ఆయన పేరు పెట్టడానికి.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి కెప్టెన్ చునీ. కోచ్ రహీం. ముందు వరసలో చునీ, పీకే, బలరాం. ఈ ముగ్గురి కలయికే ఇండియన్ ఫుట్‌బాల్‌కు గోల్డెన్ ఏజ్ అని పేరు తెచ్చింది.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. అక్కడి నుంచి లేచారు. థాయ్‌లాండ్ మీద 4-1. పీకే రెండు, చునీ ఒకటి, బలరాం ఒకటి. జపాన్ మీద 2-0. పీకే ఒకటి, బలరాం ఒకటి. ఈ మ్యాచ్ పోయి ఉంటే కథ వేరేలా ఉండేది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. చునీ రెండు గోల్స్ కొట్టాడు, మూడోది జర్నైల్ సింగ్‌ది. జర్నైల్ డిఫెండర్. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ని రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు!

ఫైనల్ సెప్టెంబర్ 4న. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియం నిండా ఇండియాకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేసియా రానివ్వకపోవడంపై ఇండియా స్పోర్ట్స్ అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడ కోపం పెరిగింది. ఆ గోలలోనే పీకే, జర్నైల్ చెరో గోల్ కొట్టారు. 2-1. గోల్డ్ మెడల్ ఇండియాది. పురుషుల ఫుట్‌బాల్‌లో ఏషియన్ గేమ్స్ గోల్డ్ ఆ తర్వాత మళ్లీ రాలేదు.

టోర్నీ మొత్తం మీద చునీకి మూడు గోల్స్, బలరాంకు రెండు. చునీ రెండు గోల్స్ సెమీస్‌లో, ఫైనల్ టికెట్ తెచ్చిపెట్టినవి. బలరాం గోల్స్ గ్రూప్‌లో, టీంను టోర్నీలో నిలబెట్టినవి. పెద్ద మ్యాచ్ గోల్‌కు బరువెక్కువ అంటారా, చునీకి ఓటేయొచ్చు. రోమ్ కూడా లెక్కలో వేసుకుంటే తక్కెడ మళ్లీ బలరాం వైపు వంగుతుంది.

దారులు వేరైంది ఇక్కడే

ఆ రోజుల్లో ఫుట్‌బాలర్లకు ఇప్పటిలా కోట్ల కాంట్రాక్టులు లేవు. పేరుకు అందరూ అమెచ్యూర్లే. బతకాలంటే ఉద్యోగం కావాలి. చునీ స్టేట్ బ్యాంక్‌లో చేరాడు. బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్ టీంకు, అంటే రైల్వే వైపు వెళ్లాడు. ఫ్యాన్స్‌కు అది షాక్. కానీ పేద ఇంటి నుంచి వచ్చిన కుర్రాడికి నెల జీతం విలువ ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

అంతలోనే పెద్ద దెబ్బ. ఊపిరితిత్తుల పొరకు వచ్చే ప్లూరసీ జబ్బు. ఊపిరి తీసుకుంటే నొప్పి, పరిగెత్తడం కుదరదు. 1963లో, 27 ఏళ్లు కూడా నిండీ నిండకముందే బలరాం బూట్లు విప్పేయాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

చునీ కూడా ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్‌కు దాదాపు అదే వయసులో గుడ్‌బై చెప్పాడు. 1964లో ఏషియన్ కప్‌లో ఇండియాను రన్నరప్‌గా నిలిపి, ఆ ఏడాదే ఆపేశాడు. వయసు ఒకటే, పరిస్థితి ఒకటి కాదు. చునీ తానే వద్దనుకున్నాడు. బలరాంకు ఆ ఛాన్స్ లేదు.

పైగా చునీకి ఇంకో ఇన్నింగ్స్ ఉంది. అచ్చంగా ఇన్నింగ్సే! బెంగాల్ తరఫున రంజీ క్రికెట్ ఆడాడు. 1966లో ఇండోర్‌లో సెంట్రల్, ఈస్ట్ జోన్ల ఉమ్మడి టీం వెస్టిండీస్‌ను ఇన్నింగ్స్ తేడాతో ఓడించిన మ్యాచ్‌లో ఎనిమిది వికెట్లు తీశాడు. 1968-69 రంజీ ఫైనల్లో బొంబాయి మీద 96, 84 కొట్టాడు. 1971-72లో బెంగాల్‌ను కెప్టెన్‌గా ఫైనల్‌కు తీసుకెళ్లాడు. ఒకే మనిషి దేశానికి ఫుట్‌బాల్ కెప్టెన్, రాష్ట్రానికి క్రికెట్ కెప్టెన్. ఇలాంటివాడు కళ్లముందు తిరుగుతుంటే ఇంకొకరి పేరు మసకబారడంలో ఆశ్చర్యం ఏముంది?

అవార్డుల దగ్గర ఈ తేడా ఇంకా క్లియర్‌గా కనిపిస్తుంది. అర్జున అవార్డు పీకేకు 1961లో, బలరాంకు 1962లో, చునీకి 1963లో వచ్చింది. అంటే చునీకంటే బలరాంకే ముందు. ఆ తర్వాత చునీకి 1983లో పద్మశ్రీ, పీకేకు 1990లో పద్మశ్రీ. చునీ 2005లో కోల్‌కతా షెరీఫ్ కూడా అయ్యారు. 2020 జనవరిలో ఆయన బొమ్మతో పోస్టల్ స్టాంప్ వచ్చింది. బలరాంకు అర్జున తర్వాత పద్మ అవార్డు ఏదీ రాలేదు. ఆ బాధను ఆయన ఇంటర్వ్యూల్లో దాచుకోలేదు. ఒకప్పుడు తాను లీగ్ గెలిపించిన క్లబ్‌తోనూ చివరి ఏళ్లలో దూరం పెరిగింది.

మరి ఎవరు గొప్ప?

బాల్ కాలికి దొరికాక ఏం చేయగలడు అని చూస్తే చునీ. అందులో రెండో మాట లేదు. టీంకు ఏం కావాలో అది చేసేవాడు ఎవరని అడిగితే బలరాం. కెరీర్ మొత్తం పక్కపక్కన పెడితే చునీదే పైచేయి. 1957 నుంచి 62 వరకు ఆ ఐదారేళ్లు మాత్రమే తీసుకుంటే, ముఖ్యంగా రోమ్ గోల్స్, 1961 లీగ్ చూస్తే, బలరాం ఒక అడుగు ముందే ఉన్నాడు. జబ్బు రాకుండా ఇంకో ఐదేళ్లు ఆడి ఉంటే ఈ పోలిక ఎలా ఉండేదన్నది కోల్‌కతా టీ కొట్ల దగ్గర తెగని వాదన. మోహన్ బగాన్ ఫ్యాన్స్ మాత్రం దీన్ని ఒప్పుకోరు. ఒప్పుకుంటే వాళ్లు మోహన్ బగాన్ ఫ్యాన్స్ ఎలా అవుతారు?

రిటైరయ్యాక బలరాం సికింద్రాబాద్‌కు తిరిగి వచ్చి స్థిరపడలేదు. కోల్‌కతా పక్కన, హుగ్లీ నది ఒడ్డునున్న ఉత్తర్‌పారాలో ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. 2020 మార్చి 20న పీకే బెనర్జీ, నలభై రోజులకే ఏప్రిల్ 30న చునీ గోస్వామి వెళ్లిపోయారు. గోల్డెన్ త్రయంలో మిగిలిన ఒక్కడు 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రహీం సాబ్ కథతో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమాలో ఈ ముగ్గురి పాత్రలూ ఉన్నాయి. అది థియేటర్లలోకి వచ్చింది 2024 ఏప్రిల్‌లో.